తాతల బాకీ

తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలి. కొడుకు వల్ల కాకపోతే మనవడు, అతనివల్లా కాకపోతే మునిమనవడు. మితాక్షర ధర్మం పేరుతో మన కోర్టులు చాలాకాలం ఇదే చెప్పాయి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడుగానీ ఈ కట్టుబాటు పోలేదు. అంతవరకూ ప్రొద్దుటూరులో ఒక వడ్డీ వ్యాపారికి నోటు రాసిచ్చిన రైతు కన్నుమూస్తే, పిత్రార్జితం ఉన్నంతమేరకు ఆ బాకీ మూడు తరాలను వెంటాడగలిగేది. దాన్నెవరూ అన్యాయమనలేదు, పుణ్యమన్నారు. రుణం తీరకుండా పోయినవాడికి పరలోకంలో గతి ఉండదని భయపెట్టారు కూడా.

అప్పు విషయంలో ఇంత పట్టింపు ఉన్న మనం, తాతలు చేసిన అన్యాయం మాటెత్తేసరికి పక్కకు తప్పుకుంటాం. ఎప్పుడో జరిగినదానికి మేమేం చేస్తాం, మేం ఎవర్నీ ఇంటి బయట నిలబెట్టలేదు కదా అంటాం. పొలం దిగివస్తుంది, ఇంటిపేరు దిగివస్తుంది, ఊళ్లో మాట చెల్లుబాటు దిగివస్తుంది, నోటు మీది బాకీ కూడా నిన్నమొన్నటిదాకా దిగివచ్చింది. అన్యాయం ఒక్కటే చేసినవాడితోపాటు కాటికి పోతుందట. ఈ ఒక్కదానికే ఆ మినహాయింపు ఎవరిచ్చారు?

అమెరికాలో ఈ ప్రశ్న నూటయాభై ఏళ్లకు పైగా నలుగుతోంది. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఒక సైనిక ఉత్తర్వు ఇచ్చాడు. దక్షిణ కరోలినా నుంచి ఫ్లోరిడా దాకా తీరంవెంబడి ఉన్న భూములను, బానిసత్వం నుంచి బయటపడ్డ కుటుంబాలకు నలభై ఎకరాలకు మించకుండా పంచాలన్నది దాని సారాంశం. లింకన్ హత్య తర్వాత గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ అదే ఏడాది ఆ భూములను పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. ఇచ్చి లాక్కున్న ఆ నలభై ఎకరాలను అక్కడి నల్లజాతివాళ్లు ఇవాళ్టికీ మరిచిపోలేదు. 2014లో తా-నెహిసి కోట్స్ రాసిన వ్యాసంతో పరిహారం చర్చ మళ్లీ రాజుకుంది.

మన ప్రొద్దుటూరు, పులివెందుల పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగాలు చేసుకుంటూ ఈ చర్చ వింటారు. నేను వచ్చింది మొన్న, బానిసలతో నాకేం సంబంధం, నా పన్ను డబ్బులోంచి ఎందుకివ్వాలి అనుకుంటారు. అడగదగ్గ ప్రశ్నే. కానీ మనవాళ్లకు ఆ దేశం తలుపు తెరిచిన 1965 నాటి వలస చట్టం నల్లజాతి పౌరహక్కుల ఉద్యమం రగిలిన రోజుల్లో వచ్చింది. వాళ్లు దెబ్బలు తిని తెచ్చుకున్న మార్పులో మనకూ వాటా దక్కింది, వాళ్లకు రావలసిన బాకీలో మాత్రం మనకు వాటా వద్దు. అదీగాక, ఆ కుర్రవాడు డల్లాస్‌లో వింటున్న ప్రశ్ననే అతని సొంతూరిలో, అతని సొంత కుటుంబాన్ని అడగగలిగినవాళ్లు ఊరికి తూర్పునో పడమటనో కాస్త ఎడంగా కాపురముంటున్నారు.

కులం జాతి కాదు కదా అనేవాళ్లున్నారు. 2001లో డర్బన్‌లో జాతివివక్ష మీద ఐక్యరాజ్యసమితి సదస్సు జరిగినప్పుడు భారత ప్రభుత్వం సరిగ్గా ఈ వాదనతోనే కులం ఊసు రాకుండా చూసింది. శాస్త్రం ప్రకారం కులం జాతి కాకపోవచ్చు. అయితే పుట్టుకను బట్టి పని, పనిని బట్టి నివాసం, నివాసాన్ని బట్టి నీళ్ల బావి నిర్ణయమైపోయిన చోట, బాకీ ఉందా లేదా అని తేల్చడానికి ఆ తేడా ఏ విధంగా పనికొస్తుందో నాకు అర్థం కాదు.

పరిహారం అసాధ్యమనేవాళ్ల మొదటి వాదన లెక్క గురించి. వందల ఏళ్ల వెట్టికి వెల ఎవరు కడతారు, ఎలా కడతారు అంటారు. చరిత్ర చూస్తే ప్రభుత్వాలకు ఈ లెక్క ఎప్పుడూ కష్టం కాలేదు. 1833లో బ్రిటన్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దుచేసినప్పుడు 2 కోట్ల పౌండ్ల పరిహారం చెల్లించింది. తలకింతని, వయసును బట్టి, పనిని బట్టి పైసాతో సహా లెక్కగట్టింది. ఆ డబ్బు ముట్టింది బానిసలకు కాదు, బానిసలను పోగొట్టుకున్న యజమానులకు. దానికోసం చేసిన అప్పు 2015లోగానీ తీరలేదు. అంటే బానిసల మునిమనవలు కూడా బ్రిటన్‌లో పన్నులు కట్టి తమ ముత్తాతల యజమానులకు పరిహారం చెల్లించారు. హైతీ కథ ఇంకా ఘోరం. తిరగబడి స్వేచ్ఛ తెచ్చుకున్న బానిసల దేశం చేత 1825లో ఫ్రాన్సు 15 కోట్ల ఫ్రాంకులు ఒప్పించింది, మా ఆస్తి పోయింది కనుక కట్టండని.

ఆ 1833 చట్టం కంపెనీ పాలనలోని మన దేశానికి వర్తించలేదు. ఇక్కడికి 1843లో వేరే చట్టం వచ్చింది. ఇక నుంచి కోర్టులు బానిసత్వాన్ని గుర్తించవు అని ఒక మాట చెప్పి ఊరుకుంది. యజమానికీ ఇవ్వలేదు, బానిసకూ ఇవ్వలేదు. కాగితం మీద సమన్యాయం. భూమి మాత్రం ఎవరి చేతిలో ఉన్నది వాళ్ల చేతిలోనే ఉంది.

స్వతంత్రం వచ్చాక మనం చేసింది కూడా పెద్ద తేడాగా లేదు. 1948లో మద్రాసు రాష్ట్రం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చి జమీందార్లకు పరిహారం కట్టింది. సంస్థానాధీశులకు 1971 దాకా రాజభరణాలు నడిచాయి. 1973 భూపరిమితి చట్టం కింద మిగులు భూమి అప్పగించిన ఆసామికి కూడా ప్రభుత్వం ఇంత అని లెక్కగట్టి ఇచ్చింది. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం కింద అంటరానితనాన్ని రద్దుచేసినప్పుడు, అది అనుభవించినవాళ్లకు ఎంతిచ్చారు? ఏమీ లేదు. అధికారం పోగొట్టుకున్నవాడికి పరిహారం, అవమానం పోగొట్టుకున్నవాడికి అభినందన. అంబేద్కర్‌కు ఈ సంగతి ముందే తెలుసు. 1947లో రాజ్యాంగ సభ ముందు పెట్టడానికి రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో దళితులకు వేరే గ్రామాలు, సాగుభూమి ఏర్పాటుచేయాలని అడిగాడు. ఆ భాగాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

లెక్క గురించి ఇంకో మాట. జమ్మలమడుగుకు కాస్త ఎగువన పెన్నమీద గండికోట జలాశయం ఉంది, పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. దానికింద కొండాపురం మండలంలో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. తాళ్ళప్రొద్దుటూరు జనం 2020లో నీళ్లు ఇళ్ల ముంగిట్లోకి వస్తున్నా ప్యాకేజీ కోసం ధర్నా చేస్తూ కూర్చున్నారు. అక్కడ అధికారులు లెక్కించనిది లేదు. మిద్దెకు ఇంత, రేకుల కొట్టానికి ఇంత, చింతచెట్టుకు ఇంత, పద్ధెనిమిదేళ్లు నిండిన పిల్లవాడు వేరే కుటుంబమా కాదా, ఏ తేదీ నాటికి నిండాలి. కుటుంబానికి 10 లక్షలన్న చోటికి బేరం చేరింది. ఆ లెక్కల్లో తప్పులుండవచ్చు, ఉన్నాయి కూడా. పోయిన ఊరికి వెల కట్టలేమని మాత్రం ఏ కలెక్టరూ అనలేదు. కట్టలేని వెలను కూడా కట్టి తీరాల్సిందే అన్నది గండికోటలో పనిచేసిన సూత్రం. అది మాలపల్లె గడప దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుందో ఎవరూ చెప్పరు.

ఇక మా కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అనే ఈ మూడు తాలూకాల నేలమీద ఏం జరిగిందో చూద్దాం.

నిజాం 1800లో ఈ సీమను కంపెనీకి వదులుకున్నాక థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. ఊరూరా పొలాలు కొలిపించి, మడిమడికీ శిస్తు కట్టి, రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. మధ్యలో జమీందారు లేకుండా రైతు పేరే సర్కారు లెక్కలోకి ఎక్కడం ఆ పద్ధతి గొప్పదనం. మన్రో పేరు మా సీమలో ఇప్పటికీ మర్యాదగా తలుస్తారు, అందులో అబద్ధం లేదు. అయితే లెక్కలో ఎక్కింది శిస్తు కట్టేవాడి పేరు. అతని పొలంలో మడక పట్టినవాడు, కపిల బావికి తోలుబొక్కెన కుట్టి ఇచ్చినవాడు, చచ్చిన గొడ్డును ఊరి బయటికి లాగినవాడు, చావు కబురు పొరుగూరికి మోసినవాడు, సర్కారు మూటలు వెట్టికి ఎత్తినవాడు, వీళ్లకు కళ్ళంలో ఇన్ని మానికల గింజలు దక్కాయే తప్ప సర్వే నంబరు దక్కలేదు. పేరు రాయించుకున్నవాడి మనవడికి ఆస్తి, రాయించుకోలేనివాడి మనవడికి జీతగాడి పని. ఆనాడు కలంతో గీసిన గీత ఈనాటికీ ఊరి పటంలో కనిపిస్తుంది.

నల్లరేగడి ఎటు ఉందో, ఎవరి చేతిలో ఉందో జమ్మలమడుగు చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు. కేసీ కాలువ నీళ్లు పారే ప్రొద్దుటూరు మాగాణి సంగతీ అంతే. దళితులకు భూమి దొరికినచోట అది దరఖాస్తు పట్టాగా దొరికింది. మా దగ్గర దాన్ని డీకేటీ అంటారు. ప్రభుత్వ బంజరును పేదవాడు అర్జీ పెట్టుకుంటే తాసిల్దారు ఇచ్చే పట్టా అది. కొండవార గులకనేల, వంక పోరంబోకును ఆనుకున్న చవుడు, గొర్రెలు కూడా మొహం తిప్పుకునే రాళ్లగుట్ట, డీకేటీ అంటే చాలావరకు ఇలాంటివే. 1954 తర్వాతి పట్టాల్లో ఈ భూమి అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు అన్న షరతు ఉంది. మంచి ఉద్దేశంతోనే పెట్టారు. కానీ బావి తవ్వడానికి అప్పు పుట్టని భూమి, కూతురి పెళ్లికి అక్కరకు రాని భూమి, కరువు ఏడాది గింజలవ్వని భూమి ఎన్నాళ్లు పేదవాడి చేతిలో నిలుస్తుంది? సాదా కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, అయిదొందలకో వెయ్యికో అది పెద్దింటి పొలంలో కలిసిపోయింది. పట్టా మాత్రం పాత పేరుతోనే రేకుపెట్టెలో మిగిలింది.

ఇది గమనించే 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. అలా చేతులు మారిన అమ్మకం చెల్లదు, కొన్నవాడిని ఖాళీ చేయించి మొదటి హక్కుదారుకో అతని వారసులకో భూమి తిరిగి ఇవ్వవచ్చు, అది కుదరకపోతే ప్రభుత్వం తీసుకోవచ్చు అని అది చెబుతుంది. మన తెలుగు నేలమీద చట్టపుస్తకంలో ఎక్కిన పరిహారానికి దీనికన్నా దగ్గరి వస్తువు నాకు కనిపించలేదు. నష్టం ఇది, నష్టపోయినవాడు ఇతను, తిరిగి ఇవ్వవలసింది ఈ సర్వే నంబరు అని వేలుపెట్టి చూపే చట్టం. చరిత్ర అంతటికీ వెల కట్టనక్కరలేదు, తాసిల్దారు ఆఫీసులో రిజిస్టరు తీస్తే చాలు.

తీశారా? 2004లో ప్రభుత్వం కోనేరు రంగారావు అధ్యక్షతన భూమి కమిటీ వేయవలసి వచ్చిందంటేనే జవాబు తెలిసిపోతుంది. ఈ విషయంలో పులివెందుల పక్కనే ఒక అరుదైన సంఘటన జరిగింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఇడుపులపాయలో తమ కుటుంబం చేతిలో ఉన్న ఆరువందల పైచిలుకు ఎకరాల అసైన్డ్ భూమిని ప్రభుత్వానికి అప్పగిస్తున్నానని 2006లో శాసనసభలో చెప్పారు. ప్రతిపక్షం ఒత్తిడి వల్లే అన్నవాళ్లున్నారు, పెద్దమనసు అన్నవాళ్లున్నారు. ఉద్దేశాల తగవు నాకక్కరలేదు. కుర్చీలో ఉన్న ముఖ్యమంత్రి, ఈ భూమి మా దగ్గర ఉండకూడనిది అని సభలో ఒప్పుకోవడం మన రాజకీయాల్లో తరచూ జరిగే పని కాదు. నా ప్రశ్న దాని తర్వాతి అడుగు గురించి. భూమి ప్రభుత్వానికి తిరిగిరావడం ఒకటి, పట్టా పొందిన మనిషి చేతికి తిరిగి చేరడం ఒకటి. రెండోది జరిగేదాకా మొదటిది సగం పనే. ఒక పెద్ద కుటుంబం చేయగలిగింది మిగతా వందల కుటుంబాలు ఎందుకు చేయలేదన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

అసైన్డ్ భూమి మీద మన మనసుల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది, అది సర్కారు దయతో ఇచ్చిన దానం అని. అందుకే ప్రాజెక్టుకో ఫ్యాక్టరీకో కావలసినప్పుడు పట్టా రైతుకు మార్కెట్ ధర, అసైనీకి ఇంత ఎక్స్‌గ్రేషియా అన్నట్టు నడిచేది. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం దీన్ని కొట్టేసింది. అసైనీకి కూడా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలంది. పేదవాడి భూమి కూడా భూమేనని చెప్పడానికి పెద్ద బెంచి కూర్చోవలసి రావడం సిగ్గుపడవలసిన విషయమే అయినా, ఆ తీర్పు ముఖ్యమైనది. దయ అనే మాట తీసేసి హక్కు అనే మాట రాసింది.

ఒకప్పటి రాళ్లగుట్టలకు ఇప్పుడు రెక్కలొచ్చాయి. పులివెందుల వైపు బోర్లు, డ్రిప్పు వచ్చాక ఎర్రనేలలు చీనీ తోటలు, అరటి తోటలయ్యాయి. మైలవరం మండలంలో సోలార్ పార్కు వెలిసింది. జమ్మలమడుగు దగ్గర ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపనలు ఎన్నిసార్లు జరిగాయో ఆ చుట్టుపక్కలవాళ్లే వేళ్లమీద లెక్కపెడుతుంటారు. సరిగ్గా ఇలాంటి సమయంలో 2023లో చట్టాన్ని సవరించి, పట్టా పొంది ఇరవై ఏళ్లు నిండిన అసైనీలకు అమ్ముకునే హక్కుతో సహా పూర్తి హక్కు ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక, ఆ ముసుగులో భూములు చేతులు మారాయంటూ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. దళితుడికి తన భూమి అమ్ముకునే స్వేచ్ఛ ఎందుకుండకూడదు? రెడ్డికో బలిజకో లేని సంరక్షణ అతనికే ఎందుకు? ఈ ప్రశ్నకు బలముంది. కానీ భూమి ఇప్పటికే ఎవరి కంచె లోపల ఉందో తేల్చకుండా స్వేచ్ఛ ఇస్తే, ఆ స్వేచ్ఛ కంచె వేసినవాడికే పనికొస్తుంది. ముందు తిరిగి ఇవ్వాలి, ఆ తర్వాత అమ్ముకోనివ్వాలి. మనం తలకిందులుగా చేశాం.

ఇక వ్యతిరేక వాదనల్లో నిజమైన బరువున్నవి రెండు మూడున్నాయి. వాటిని దాటవేస్తే ఈ వ్యాసం రాయడం దండగ.

ఎవరు కట్టాలి? పులివెందుల తాలూకాలో వరసగా బోర్లు వేసి, అన్నీ ఎండిపోయి, బ్యాంకు నోటీసుతో తిరుగుతున్న చిన్న రెడ్డి రైతు ఉన్నాడు. ముఠాకక్షల్లో పెద్దల కోసం కత్తిపట్టి జైలుకు పోయిన, లేదా శవమై ఇంటికొచ్చిన అనుచరుల్లో అన్ని కులాల పేదలూ ఉన్నారు. పైకులంలో పుట్టావు కనుక కట్టు అంటే, పుట్టుకను బట్టి మనిషికి లెక్కగట్టే పాత పాపాన్నే మనం ఇంకోవైపు నుంచి చేసినట్టవుతుంది. మానవవాదిగా నాకు ఇది మింగుడుపడదు. మితాక్షరం కూడా ఇక్కడ ఒక తెలివైన గీత గీసింది. తండ్రి జూదంలోనో, దుర్మార్గంలోనో చేసిన అవ్యవహారిక రుణం కొడుకుకు అంటదు అంది. నేరం వారసత్వంగా రాదన్నమాట. ఒప్పుకుంటాను. కానీ ఆ నేరంవల్ల వచ్చిన పొలం కొడుకు దగ్గరే ఉంటే? అప్పుడతను తండ్రి నేరానికి జవాబు చెప్పడం లేదు, తన చేతిలో ఉన్న పరాయి సొత్తుకు చెబుతున్నాడు. స్వేచ్ఛావిపణిని అంతగా సమర్థించిన రాబర్ట్ నోజిక్ కూడా 1974 నాటి తన పుస్తకంలో, అన్యాయంగా చేతులు మారిన ఆస్తిని సరిదిద్దక తప్పదని ఒప్పుకున్నాడు. కనుక కట్టవలసింది కులం కాదు. ఆ సర్వే నంబరును ఇవాళ అనుభవిస్తున్నవాడు ఒకడు, కళ్లు మూసుకున్న ప్రభుత్వం ఒకటి. ఎండిన బోర్ల రైతు పేరు ఈ జాబితాలో సాధారణంగా ఉండదు.

ఎవరికి ఇవ్వాలి? ఇది మరింత చిక్కు. మాల, మాదిగల మధ్య రిజర్వేషన్ వాటాల కోసం 1994లో మొదలైన ఉద్యమం, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను అంగీకరించాక, 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక శాతం, ఆరున్నర, ఏడున్నర శాతాల విభజనగా తేలింది. అన్యాయానికి గురైనవాళ్లలో కూడా ఎక్కువ తక్కువలుంటాయని ఒప్పుకోవడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. జమ్మలమడుగు ప్రాంతంలో ఇంకో ముడి ఉంది. లండన్ మిషనరీ సొసైటీ 1822 నుంచి కడప సీమలో పనిచేసింది, జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి దాని గుర్తు. దాని వెంట ఎందరో దళితులు చర్చిలోకి నడిచారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, క్రైస్తవం పుచ్చుకున్న దళితుడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. రాష్ట్రంలో అతను బీసీ-సీ, ఒక్క శాతం కోటా. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో ఎవరైనా అతన్ని లోపలికి రమ్మన్నారా? టీకొట్టులో గ్లాసు మారిందా? బాకీ ఉన్నవాడు, అప్పు ఇచ్చినవాడు గుడి మార్చాడు కనుక చెల్లించనంటే మనం నవ్వుతాం. ఇక్కడ ఎవరూ నవ్వడం లేదు.

రిజర్వేషన్లు ఇచ్చాం కదా, అదే పరిహారం కదా అన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. ఒక్క మాటతో ముగిస్తాను. రిజర్వేషన్ పాలనలో, చదువులో చోటు కల్పించడం. దానివల్ల ఎవరి పొలంలోంచీ సెంటు భూమి కదల్లేదు.

అసలు భయం నాకు వేరేచోట ఉంది. రాయలసీమలో పరిహారానికి మనకు బాగా తెలిసిన రూపం రాజీ. హత్య జరుగుతుంది, కేసు నడుస్తుంది, పెద్దమనుషులు కూర్చుంటారు, చనిపోయినవాడి ఇంటికి ఇంత అని తేలుతుంది, సాక్షులు కోర్టులో ఏమీ చూడలేదంటారు. డబ్బు చేతులు మారగానే నిజం మూగబోతుంది. అట్రాసిటీ కేసుల్లోనూ ఇదే దారి. 2016లో సవరించిన నిబంధనల ప్రకారం బాధితులకు ప్రభుత్వం 85 వేల నుంచి 8.25 లక్షల దాకా సాయం ఇస్తుంది, ఇవ్వవలసిందే. కానీ ఆ చెక్కు అందాక కేసు ఏమైందని అడిగేవాళ్లు తగ్గిపోతారు. 1991లో చుండూరులో దళితుల ఊచకోత జరిగితే 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చనిపోయినవాళ్లు మాత్రం నిజంగానే చనిపోయారు. పరిహారం కూడా రాజీలాగా, ఇదిగో తీసుకో ఇక ఆ మాట ఎత్తకు అని మారిపోయేట్టయితే, అది లేకపోవడమే మేలని నాకనిపిస్తుంది. రాజీకి నిజం అడ్డం. పరిహారానికి నిజమే మొదటి వాయిదా.

అమెరికాలో ఇవాన్‌స్టన్ అనే చిన్న నగరం దీన్ని బాగా పట్టుకుంది. మొత్తం బానిసత్వానికి వెల కట్టే జోలికి పోలేదు. 1919 నుంచి 1969 దాకా తమ నగరంలో నల్లజాతివాళ్లకు ఇళ్ల విషయంలో ఏ అన్యాయం జరిగిందో రికార్డుల్లో వెతికి, 2021లో ఒక్కొక్కరికి 25 వేల డాలర్ల చొప్పున గృహసాయం ఇవ్వడానికి పూనుకుంది. డబ్బు ఎక్కడిదంటే గంజాయి అమ్మకాల మీద పన్ను. (మన మద్యం ఆదాయానికి ఇంత మంచి ఖర్చు ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు.) చిన్న పరిహారమే, విమర్శలూ ఉన్నాయి. అయినా చేసిన తప్పుకు పేరు, ఊరు, తేదీ పెట్టింది.

కరీబియన్ తోటల్లోని రెండున్నర వేల మంది బానిసలకు గాను లక్ష పౌండ్లకు పైగా పరిహారం పుచ్చుకున్న బ్రిటిష్ యజమాని జాన్ గ్లాడ్‌స్టన్, ఆ వెంటనే 1838లో మన దేశం నుంచి కూలీలను ఓడలెక్కించి గయానాలోని డెమెరారా తోటలకు తెప్పించుకున్నాడు. 2023లో అతని వారసులు గయానా వెళ్లి బహిరంగంగా క్షమాపణ చెప్పి, పరిశోధనకు లక్ష పౌండ్లు ఇస్తామన్నారు. డబ్బు పాత పరిహారంతో పోలిస్తే చిల్లర. కానీ మా తాత చేసింది ఇదీ అని కాగితాలతో సహా ఎదురుగా నిలబడి చెప్పారు. మన దగ్గర ఏ కుటుంబమైనా అలా ఊరి రచ్చబండ ముందు నిలబడిందా? వీరబ్రహ్మంగారు దళితుడైన కక్కయ్యను శిష్యుడిగా చేర్చుకున్న కథను ఈ జిల్లాలో భక్తిగా చెప్పుకుంటాం. ఆ కథ ఎక్కువగా ఏ వీధిలో వింటామో, కక్కయ్య వంశస్థుల వీధి దానికి ఎంత దూరమో ఆలోచించం.

నా మటుకు నేను ఒక తీర్పుకు వచ్చాను. వందల ఏళ్ల అవమానానికి మొత్తం కట్టి, తలా ఇంత అని పంచే పథకాన్ని నేను నమ్మను. అది ఎన్నికల హామీగా పుట్టి, బటన్ నొక్కుడుగా ముగుస్తుంది. కానీ ఇచ్చిన భూమిని లాక్కున్న చోట లెక్క స్పష్టంగా ఉంది, మనుషులు స్పష్టంగా ఉన్నారు, 1977 నాటి చట్టం కూడా ఉంది. ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టి, డీకేటీ రిజిస్టరు గట్టిగా చదివి, పట్టా ఎవరిది, సాగు ఎవరిది, మధ్యలో ఏం జరిగిందో నలుగురి ముందు రాయించాలి. వారసులుంటే భూమి వాళ్లకు. భూమి సోలార్ పలకల కిందో ప్రాజెక్టు నీళ్ల కిందో పోయి ఉంటే ఇవాళ్టి ధర ప్రకారం డబ్బు. చర్చి పేరు అడగకూడదు. సొమ్ము ప్రభుత్వం పెట్టుకుని, పొలం అనుభవించినవాళ్ల దగ్గర వసూలు చేసుకోవాలి.

ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కరలేదు. మీది ఈ మూడు తాలూకాల్లో ఏదైనా అయితే, ఇంట్లో పాత దస్తావేజులు ఒకసారి తీయండి. మీ పట్టాదారు పుస్తకంలోని సర్వే నంబర్లలో ఏవైనా రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఉన్నాయేమో చూడండి. ఉంటే, సమాచార హక్కు చట్టం కింద అయిదు రూపాయల అర్జీతో, ఆ నంబరు మొదట ఎవరి పేరున పట్టా అయిందో తాసిల్దారును అడగండి. ఆ పేరు మనిషి పిల్లలు మీ ఊళ్లోనే ఉండి ఉంటారు.